బిల్లు పోయిన వస్తువు: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన సంచికలో ఒక పాఠకురాలు "కొన్న వస్తువు వెనక్కివ్వాలంటే బిల్లు ఉండి తీరాలా?" అని అడిగితే నాలుగు వాక్యాల్లో జవాబు రాసి ఊరుకున్నాను. అది ఏ మూలకూ చాలలేదని తర్వాత వచ్చిన మీ ఉత్తరాలు చూశాక తెలిసింది. అందుకే ఈసారి కాలమ్ మొత్తం ఆ ఒక్క విషయానికే. కొత్తగా చదివేవాళ్లకి ఒక మాట: నేను లాయర్ని కాను. ఒక పెద్ద స్టోర్లో పంతొమ్మిదేళ్లు రిటర్న్ కౌంటర్లో పనిచేశాను. బిల్లు చేత్తో పట్టుకుని ధీమాగా వచ్చినవాళ్లనీ, బిల్లు లేక బెరుకుగా దూరంగా నిలబడ్డవాళ్లనీ రోజూ చూశాను. లోపలివైపు ఏం జరుగుతుందో తెలిస్తే బయట నిలబడ్డవాళ్లకి సగం టెన్షన్ తగ్గుతుంది.

మేడమ్ గారూ, రెండు వారాల క్రితం ఒక టేబుల్ ల్యాంప్ కొన్నాను. స్విచ్ ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. నగదు ఇచ్చి కొన్నాను, బిల్లు ఎక్కడో పోయింది. కార్డు కూడా వాడలేదు కాబట్టి నేను కొన్నట్టు రుజువేమీ లేదు. వెళ్లి అడగాలంటే మొహమాటంగా ఉంది. వెళ్లమంటారా, వదిలేయమంటారా? – ఒక రిటైర్డ్ ఉద్యోగి

తప్పకుండా వెళ్లండి అన్నయ్య గారూ. మీరు అడగబోయేది దానం కాదు, మొహమాటపడాల్సిన పని లేదు.

బిల్లు లేకుండా వచ్చిన మనిషిని చూడగానే కౌంటర్లో ఉన్నవాళ్లకి మూడు సందేహాలు వస్తాయి. ఈ వస్తువు మా దగ్గరే కొన్నారా? ఎంతకు కొన్నారు? దీని మీద ఇదివరకే ఎవరైనా డబ్బు వాపసు తీసుకున్నారా? బిల్లు ఈ మూడింటికీ ఒక్క చిన్న కాగితంలో జవాబు చెప్పేస్తుంది. అదే జవాబు ఇంకో దారిలో దొరికితే కాగితం లేకపోయినా పని జరుగుతుంది.

నగదు ఇచ్చాను కాబట్టి జాడ లేదనుకుంటున్నారు మీరు. జాడ ఉంటుంది. మీ చేతికిచ్చింది నకలు మాత్రమే. ఏ కౌంటర్లో, ఏ నిమిషానికి, ఏయే వస్తువులు, నగదా కార్డా అన్న అసలు లెక్క షాపు కంప్యూటర్లో ఉంటుంది. అది షాపు తన కోసం రాసుకునే లెక్క. అసలు నగదు యంత్రం (క్యాష్ రిజిస్టర్) పుట్టిందే అందుకు. 1879లో అమెరికాలోని డేటన్ ఊళ్లో జేమ్స్ రిట్టీ అనే వ్యాపారి, వచ్చిన డబ్బు పనివాళ్లు గల్లాపెట్టెలో వేయకుండా జేబులో వేసుకుంటున్నారని ఆ యంత్రం తయారుచేశాడు. అంటే మీ బిల్లు పోయినా షాపు లెక్క పోదు. దాన్ని వెతకడానికి వాళ్లకి ఒక కొస అందించాలి, అంతే. చాలా పెద్ద స్టోర్లలో వస్తువు కోడ్, తేదీ కొడితే ఆ రోజు ఆ వస్తువు అమ్ముడైన బిల్లులన్నీ తెర మీదికి వస్తాయి.

ఒకాయన గుర్తొస్తున్నారు. మీ వయసే ఉంటుంది. గోడగడియారం తెచ్చారు, పెద్ద ముల్లు పన్నెండు దాటాక ముందుకు కదలడం లేదు. బిల్లు లేదు, నగదు, తేదీ గుర్తులేదు. "ఆ రోజు ఇంకేమైనా కొన్నారా?" అని అడిగాను. కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించారు. బ్యాటరీలు కొన్నారు. బట్టలారేసుకునే నైలాన్ తాడు కొన్నారు. డబ్బు కట్టే చోట మనవరాలు పట్టుబడితే రంగు పెన్సిళ్ల డబ్బా కూడా వేయించారు. పాపకి బడి లేని రోజు కాబట్టి ఆదివారమే అయ్యుండాలన్నారు. నేను రెండు ఆదివారాల లెక్కలు తీశాను. రెండో ఆదివారం సాయంత్రం, చివరి కౌంటర్లో వరసగా నాలుగు లైన్లు: గడియారం, బ్యాటరీలు, తాడు, రంగు పెన్సిళ్లు. తెర ఆయన వైపు తిప్పాను. ఆయన ఒక్కో లైను మీద వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి, పెన్సిళ్ల దగ్గర ఆగి "ఇదిగోనమ్మా, ఇదే" అన్నారు. ఆ వారంలో గడియారం కొన్నవాళ్లు పదిమంది ఉండొచ్చు. గడియారంతో పాటు తాడు, రంగు పెన్సిళ్లు కొన్న మనిషి మాత్రం ఒక్కరే.

కాబట్టి బయల్దేరే ముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఏ వారం, పొద్దునా సాయంత్రమా, ల్యాంప్‌తో పాటు ఇంకేం కొన్నారు, డబ్బు కట్టేటప్పుడు ఫోన్ నంబరు చెప్పారా. ఫోన్ నంబరు చెప్పి ఉంటే చాలాచోట్ల దానితోనే బిల్లు దొరుకుతుంది. చిన్న షాపయితే చేత్తో రాసిన బిల్లు పుస్తకంలో కార్బన్ కాపీ ఉంటుంది, యజమాని మీ ఎదుటే తిరగేస్తారు. ల్యాంప్‌ని వైరు, అట్టపెట్టె, లోపల పెట్టిన కాగితాలతో సహా తీసుకెళ్లండి. సెలవురోజు సాయంత్రం మాత్రం వద్దు. వెనక ఇరవై మంది క్యూలో ఉంటే, ఎంత మంచి మనిషైనా రెండు వారాల లెక్కలు తిరగేసే ఓపిక చూపించలేరు.

అక్కా, వాషింగ్ మెషీన్ బిల్లు భద్రంగా ఉండాలని లామినేషన్ చేయించాను. ఇటు పెట్టిన బిల్లు అటు నుంచి మొత్తం నల్లగా వచ్చింది. ఒక్క అక్షరం కనబడటం లేదు. ఇప్పుడు గ్యారంటీ పోయినట్టేనా? – ఒక గృహిణి

గ్యారంటీ ఎక్కడికీ పోలేదమ్మా. పోయింది కాగితమే. మీరు చేసింది జాగ్రత్త కొద్దీ చేసిన పని, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

షాపుల్లో ఇచ్చే ఆ నున్నటి బిల్లు మీద సిరా ఉండదు. కాగితానికే ఒక పూత ఉంటుంది. అందులో రంగునిచ్చే పదార్థం, ఆ రంగును బయటికి తెచ్చే పదార్థం పక్కపక్కన ఉంటాయి. ప్రింటర్ వేడి తగిలిన చోట ఆ రెండూ కరిగి కలిసి నల్లబడతాయి. మనం అక్షరాలు అనుకునేవి ఆ నల్లబడ్డ చోట్లే. లామినేషన్ మెషీన్ కాగితం మొత్తానికి వేడి తగిలించింది కాబట్టి మొత్తం అక్షరమైపోయింది. చేతిలో ఉన్న బిల్లు ఆ రకమో కాదో తెలుసుకోవాలంటే ఖాళీగా ఉన్న అంచున గోటితో గట్టిగా గీయండి. నల్లటి గీత పడితే ఆ రకమే.

దీనికి ఇంకో జబ్బు కూడా ఉంది, వెలిసిపోవడం. ఎండ, ప్లాస్టిక్ కవర్లు, సెల్లోటేపు జిగురు, చేతికి రాసుకునే క్రీములు, శానిటైజర్ తగిలితే అక్షరాలు నెమ్మదిగా మాయమవుతాయి. ప్లాస్టిక్ ఫోల్డర్లో దాచిన బిల్లులే ముందు తెల్లబడటం నేను కళ్లారా చూశాను. మామూలు కాగితపు కవర్లో, బీరువాలో చల్లగా ఉండే చోట పెట్టండి. అన్నిటికన్నా ముందు, కొన్న రోజే ఫోన్‌లో ఫొటో తీయండి. పెద్ద వస్తువయితే జిరాక్స్ కూడా తీయించండి, జిరాక్స్ అక్షరాలు ఇలా చెరిగిపోవు.

వెలిసిపోయిన బిల్లయితే ఫొటో తీసి ఫోన్‌లో కాంట్రాస్ట్ పెంచి చూస్తే తేదీ, బిల్లు నంబరు బయటపడే అవకాశం ఉంటుంది. మీది నల్లబడిపోయింది కాబట్టి ఆ కాగితంతో పని లేదు. మెషీన్ వెనకో తలుపు లోపలో సీరియల్ నంబరు స్టిక్కర్ ఉంటుంది. దాని ఫొటో, మెషీన్ ఇంటికి తెచ్చిచ్చిన తేదీ, డెలివరీ కోసం ఇచ్చిన ఫోన్ నంబరు తీసుకుని కొన్న చోటికి వెళ్లి "డూప్లికేట్ బిల్లు కావాలి" అనండి. ఇంటికి పంపిన సరుకుకి షాపులో చిరునామాతో సహా రికార్డు ఉంటుంది. మెషీన్ పాడయ్యేదాకా ఆగకండి, ఈ వారమే వెళ్లండి.

నేను షాపు మెషీన్‌కి ఫోన్ తాకించి (ట్యాప్ చేసి) డబ్బు కట్టాను. వెనక్కివ్వడానికి వెళితే కార్డు అడిగారు. ఇస్తే "ఈ కార్డుతో కొన్నట్టు లేదండీ" అన్నారు. ఫోన్‌లో ఉన్నది అదే కార్డు! అబద్ధం ఆడుతున్నట్టు చూశారు. – ఒక ప్రైవేటు ఉద్యోగిని

మీరు అబద్ధం ఆడలేదు, వాళ్లూ ఆడలేదు. ఫోన్ వాలెట్‌లో, అంటే ఫోన్‌తో డబ్బు కట్టే యాప్‌లో, కార్డు పెట్టుకున్నప్పుడు భద్రత కోసం అసలు కార్డు నంబరు బదులు వేరే నంబరు ఒకటి పుడుతుంది. షాపు మెషీన్‌కి చేరేది ఆ నంబరే. అందుకే బిల్లు మీద కనిపించే చివరి 4 అంకెలకీ, చేతిలోని ప్లాస్టిక్ కార్డు మీది 4 అంకెలకీ పొంతన ఉండదు. ఈసారి కార్డు బయటికి తీయకండి. "ఫోన్‌తో కట్టాను, ఫోన్‌తోనే వెతకండి" అని ఏ ఫోన్‌తో కట్టారో అదే ఫోన్ ట్యాప్ చేయండి. వాలెట్ సెట్టింగుల్లో ఆ రెండో నంబరు చివరి అంకెలు కూడా కనిపిస్తాయి, చూపించండి.

అదీ కుదరకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ లైను తీయండి. తేదీ, పైసలతో సహా మొత్తం, రిఫరెన్స్ నంబరు ఉంటే వాళ్లు తమ లెక్కలో అదే మొత్తాన్ని వెతుక్కోగలరు. పైసలతో సహా అని ఎందుకన్నానంటే, పైసలు లేని మొత్తాలు ఒక్క రోజులో చాలా బిల్లుల మీద ఉంటాయి, పైసలు కలిసే బిల్లులు తక్కువ. స్టేట్‌మెంట్ చూపించేటప్పుడు మిగతా లైన్లు చేత్తో మూసుకోండి. మీరు ఇంకెక్కడ ఏం కొన్నారో వాళ్లకి అక్కర్లేదు.

పెట్టె మీద బార్‌కోడ్ ఉంది కదా, దాన్ని స్కాన్ చేస్తే ఎవరు ఎప్పుడు కొన్నారో రాదా? – ఇంటర్ విద్యార్థి

రాదు బాబూ. చాలామంది పెద్దవాళ్లకి కూడా ఇదే అపోహ. బార్‌కోడ్ వస్తువు రకాన్ని చెబుతుంది, ఫలానా ముక్క అని చెప్పదు. ఒకే మోడల్ గొడుగులు లక్ష తయారైతే లక్షింటి మీదా ఒకటే కోడ్. పక్క షాపులో కొన్నదాని మీదా అదే. 1974 జూన్ 26న అమెరికాలోని ట్రాయ్ అనే ఊళ్లో ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్లో మొదటిసారి ఈ కోడ్ స్కాన్ చేశారు. ధర తొందరగా కొట్టడానికీ, సరుకు లెక్క చూసుకోవడానికీ వచ్చిన గుర్తు అది. ఎవరు కొన్నారో చెప్పడం దాని పని కాదు.

ముక్కకి ముక్కకి తేడా చెప్పేది సీరియల్ నంబరు. సెల్‌ఫోన్‌కయితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు, ఫోన్‌లో *#06# కొడితే కనిపిస్తుంది. అలాంటి నంబరున్న వస్తువు అమ్మేటప్పుడు చాలా షాపులు ఆ నంబరు కూడా బిల్లులోకి ఎక్కిస్తాయి. అప్పుడు వస్తువే తన బిల్లును పట్టిస్తుంది.

షాపులో "బిల్లు లేనిదే వాపసు లేదు" అని బోర్డు ఉంది. మా అమ్మాయి స్కూలు బ్యాగు జిప్పు మూడో రోజే ఊడిపోయింది. బిల్లు లేదు. బోర్డు చూసి లోపలికి వెళ్లకుండానే తిరిగొచ్చేశాను. ఆ బోర్డే చట్టమా? – ఒక తండ్రి

బోర్డు షాపు మాట. చట్టం మాట వేరే ఉంది. ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతున్నాయి, వాటిని విడదీయండి.

మనసు మారింది, రంగు నచ్చలేదు, సైజు కుదరలేదు: ఇది ఒకటి. షాపులో చూసుకుని కొన్న వస్తువును ఈ కారణంతో వెనక్కి తీసుకోవడం చాలా దేశాల్లో షాపు మంచితనమే. తీసుకుంటామన్నవాళ్లు బిల్లు కావాలని షరతు పెడితే తప్పు పట్టలేం. (ఆన్‌లైన్‌లో చూడకుండా కొన్నవాటి కథ వేరు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో సరుకు అందిన దగ్గర్నుంచి 14 రోజుల్లో ఏ కారణమూ చెప్పకుండా వెనక్కివ్వొచ్చు. పైగా ఆన్‌లైన్ కొనుగోలుకి ఆర్డర్ నంబరు మెయిల్‌లో ఉంటుంది, బిల్లు పోయే బాధే లేదు.)

వస్తువే లోపంతో వచ్చింది: ఇది రెండోది. మీ బ్యాగు ఇదే. ఇక్కడ చట్టం కొన్నవాళ్ల పక్కన నిలబడుతుంది. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం లోపమున్న వస్తువును 30 రోజుల్లోపు వెనక్కిచ్చేసి మొత్తం డబ్బు అడిగే హక్కునిచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో కొత్త వస్తువుకి కనీసం రెండేళ్ల చట్టపరమైన గ్యారంటీ ఉంది. ఆస్ట్రేలియాలో బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా కొన్నట్టు రుజువుగా చెల్లుతుంది. భారతదేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, బిల్లు ఇవ్వకపోవడాన్నే అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోననడం కూడా ఆ జాబితాలో ఉంది. కొన్నట్టు రుజువు ఎక్కడైనా అడుగుతారు. ఆ రుజువు షాపు ఇచ్చిన కాగితమే కానక్కర్లేదు.

వెళ్లి, బోర్డు సంగతి ఎత్తకుండా, బ్యాగు బల్ల మీద పెట్టి జిప్పు చూపించండి. "మనసు మారి తేలేదండీ, మూడో రోజే ఇలా అయింది" అనే మాటతో మొదలుపెట్టండి. ఆ ఒక్క మాటతో మీ కేసు ఒక వరస నుంచి ఇంకో వరసలోకి మారుతుంది. కౌంటర్లో ఉన్న అబ్బాయికి నిర్ణయం తీసుకునే అధికారం ఉండకపోవచ్చు. అతని మీద అరవకుండా "దీని మీద ఎవరు నిర్ణయం తీసుకుంటారో వాళ్లతో మాట్లాడతాను" అని అడగండి.

బిల్లు లేదని, నేను కట్టినదానిలో సగం కూడా లెక్కగట్టలేదు. అదీ డబ్బుగా కాదు, క్రెడిట్ నోట్ (మళ్లీ ఆ షాపులోనే కొనుక్కోవడానికి పనికొచ్చే చీటీ) ఇచ్చారు. గుర్తింపు కార్డు కూడా చూసి రాసుకున్నారు. ఇది అన్యాయం కాదా? – ఒక పాఠకుడు

మీకు నష్టం జరిగిన మాట నిజం. కానీ దాని వెనక కారణం ఉంది. ఆ వస్తువు తగ్గింపులో సగం ధరకి అమ్మిన రోజులుంటాయి. అప్పుడు కొని, తగ్గింపు అయిపోయాక పూర్తి ధరకి వెనక్కిచ్చేవాళ్లూ ఉన్నారు. మీరు ఏ రోజు కొన్నారో తెలియదు కాబట్టి, ఈ మధ్యకాలంలో అది అమ్ముడైన అతి తక్కువ ధరే లెక్కగడతారు. ఒకే మనిషి బిల్లు లేకుండా ఎన్నిసార్లు వస్తున్నారో లెక్క ఉంచుకోవడానికి కార్డు చూస్తారు. ఎందుకు రాసుకుంటున్నారో, ఎన్నాళ్లు ఉంచుతారో అడిగే హక్కు మీకుంది.

మీరు తొందరపడ్డారనిపిస్తోంది. క్రెడిట్ నోట్ చేతికి తీసుకున్నాక మళ్లీ లెక్క తిరగదోడటం కష్టం. తక్కువ ధర చెప్పినప్పుడు "రేపు వస్తాను, బ్యాంకు లైను వెతుక్కుంటాను" అని వస్తువుతో బయటికి వచ్చేయాలి. ఇంకో సంగతి: సైజు మార్చుకోవడమే కావాలంటే డబ్బు మాటే ఎత్తకండి. అదే మోడల్ ఇచ్చి అదే మోడల్ తీసుకుంటే ధర గొడవ రాదు. బిల్లు లేకుండా అన్నిటికన్నా సులువుగా జరిగేది ఆ మార్పిడే. ఇప్పుడైతే ఆ నోటు గడువు చూసుకుని, దాన్నీ ఫొటో తీసి పెట్టుకోండి.

కానుకగా వచ్చిన చొక్కా రెండు సైజులు పెద్దది. ఇచ్చినవాళ్లకి తెలియకుండా మార్చుకోవచ్చా? – ఒక యువకుడు

ట్యాగు తెంపకుండా ఉంటే మార్చుకోవచ్చు. డబ్బు మాత్రం అడగకండి. డబ్బు వాపసు మామూలుగా కట్టిన కార్డుకే వెళుతుంది. కానుక ఇచ్చినవాళ్ల ఫోన్‌కి వెంటనే మెసేజ్ పోవచ్చు. నా కౌంటర్ దగ్గరే ఒకమ్మాయికి ఇలా జరిగింది. డబ్బు వేసిన అయిదు నిమిషాల్లో ఆమె ఫోన్ మోగింది, అవతల పిన్ని. ఆ పిల్ల మొహంలో రంగు మారడం ఇప్పటికీ కళ్ల ముందుంది. మీరు ఎవరికైనా కానుక కొనేటప్పుడు గిఫ్ట్ బిల్లు అడగండి. ధర ఉండదు, కోడ్ మాత్రం ఉంటుంది. దాన్ని పెట్టెలోనే పెట్టేయండి.

హెడ్‌ఫోన్స్ ఒకవైపు పనిచేయడం లేదు, బిల్లు లేదు. అలాంటిదే కొత్తది కొని, ఆ బిల్లుతో పాతది వెనక్కిచ్చేయమని ఫ్రెండ్ అంటున్నాడు. ఏమంటారు? – డిగ్రీ విద్యార్థి

వద్దు తమ్ముడూ. దొరికిపోతావని మాత్రమే కాదు, సీరియల్ నంబరు చూస్తే దొరుకుతావు కూడా. దొరకని రోజు ఏం జరుగుతుందో చెబుతాను. నువ్వు కొత్త పెట్టెలో పెట్టిచ్చిన పాత ముక్క, చూసేవాళ్లు సరిగ్గా చూడకపోతే, మళ్లీ అరలోకి వెళుతుంది. ఒకసారి ఒక పిల్లాడు అలాంటి పెట్టె తెచ్చాడు. తన మొదటి జీతంతో కొన్నాడట. తీస్తే వైరు మెడ దగ్గర నల్లటి టేపు చుట్టి ఉంది, చెవి దిండు మీద చెమట మరక. "నేను ఇంకా పెట్టుకోలేదండీ" అంటున్నాడు. వాడిన వస్తువు తెచ్చి మోసం చేస్తున్నాడని మా వాళ్లే అనుమానించారు. నిజం తేల్చడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ దొంగగా నిలబడింది ఏ తప్పూ చేయని పిల్లాడు.

నీ హెడ్‌ఫోన్స్‌కి ఇంకో దారి ఉంది. తయారుచేసిన కంపెనీ సర్వీసుకి సీరియల్ నంబరు పంపు. బిల్లు లేకపోతే వస్తువు తయారైన తేదీ నుంచి వారంటీ లెక్కగట్టే కంపెనీలు చాలా ఉన్నాయి. కొన్ని నెలలు తగ్గినా, గడువు మిగిలి ఉంటే బాగుచేసిస్తారు.

అక్కా, మూడు నెలల క్రితం రిటర్న్ కౌంటర్లో చేరాను. బిల్లు లేనివాళ్లని తిప్పి పంపమంటారు. పంపితే వాళ్లు నా మీద అరుస్తారు. ఇంటికెళ్లాక ఏడుపొస్తోంది. మీరు ఎలా నెగ్గుకొచ్చారు? – ఒక కొత్త ఉద్యోగిని

చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి ఏడాది నేనూ నీలాగే ఉన్నాను.

"బిల్లుందా?" అని మొదట అడగకు. వస్తువు చేతిలోకి తీసుకో, తిప్పి చూడు, "ఏమైందండీ?" అని అడుగు. తర్వాత "ఎప్పుడు కొన్నారు?" అను. బిల్లు ప్రశ్న మూడోది. అప్పటికే ఎదుటివాళ్ల గొంతు సగం తగ్గి ఉంటుంది. కుదరదని చెప్పాల్సి వస్తే, ఏది తెస్తే కుదురుతుందో కూడా చెప్పు. అది చీటీ మీద రాసివ్వు. ఎంతవరకు నీ చేతిలో ఉందో, ఎక్కడి నుంచి మేనేజర్ చేతిలో ఉందో ముందే అడిగి తెలుసుకో. అరిచేవాళ్లలో చాలామంది నీ మీద అరవడం లేదు. ఆ వస్తువు కోసం లెక్క చూసుకుని ఖర్చుపెట్టినవాళ్లు, పోయిందన్న బాధతో అరుస్తున్నారు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. చేరిన కొత్తలో ఒకావిడ పిల్లాడి బూట్ల పెట్టె తెచ్చింది. బిల్లు లేదు. నేను మూత కూడా పూర్తిగా తీయకుండా "బిల్లు లేకపోతే తీసుకోమండీ" అన్నాను. ఆవిడ ఏదో చెప్పబోయింది. వెనక క్యూ ఉంది, నేను తర్వాతి మనిషిని పిలిచేశాను. ఆవిడ పెట్టె చంకలో పెట్టుకుని, పిల్లాడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. సాయంత్రం అరలు సర్దే అబ్బాయి అదే మోడల్, అదే సైజు పెట్టె ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. లోపల రెండూ కుడికాలి బూట్లే. ఆవిడ తెచ్చిన పెట్టెలో రెండూ ఎడమకాలివి. ఆమె చెప్పబోయింది అదే. బిల్లు అవసరమే లేదు, రుజువు మా అరలోనే ఉంది.

ఆవిడ మళ్లీ వస్తుందేమోనని ఆ పెట్టెను నా కౌంటర్ కింద అరలో పెట్టుకున్నాను. చాలాకాలం ఉంచాను. రాలేదు. పిలుద్దామంటే పేరు తెలియదు, ఫోన్ నంబరు లేదు.

నీ కౌంటర్ మీద ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకో. లేదని పంపిన ప్రతి మనిషి పేరు, నంబరు, తెచ్చిన వస్తువు అందులో రాసుకో. ఆ రోజు దుకాణం మూసే ముందు ఒక్కసారి ఆ పేజీ పట్టుకుని అరల వైపు వెళ్లిరా.